గ్రేడ్ టూ స్టార్ భవనంలో ఉన్న అమ్మాయిల స్కూల్లో సీటు వచ్చింది, లిఫ్ట్ లేదు. పాపని చేర్చమంటారా?

సన్నజాజి:

అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో పిల్లల్ని సెకండరీకి పంపినవాళ్ళు, పాత భవనాల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చదివి చెప్పండి. రెండు రోజులుగా ఇంట్లో ఇదే చర్చ.

మా పాప ఇప్పుడు ఇయర్ 6, ప్రైమరీలో చివరి ఏడాది. మార్చి 1న సీట్లు చెప్పారు కదా, మేం రెండో ఛాయిస్‌గా రాసిన అమ్మాయిల స్కూల్ వచ్చింది. ప్రభుత్వ స్కూలే, ఫీజు లేదు, చదువు బాగా చెప్తారని పేరు. భవనం విక్టోరియా రాణి కాలం నాటిది, గ్రేడ్ టూ స్టార్ లిస్టెడ్, అంటే విలువైన పాత కట్టడమని చట్టం రక్షణ ఉన్న జాబితాలో పెట్టినది, గ్రేడ్ వన్ తర్వాతి స్థాయి. అక్టోబర్‌లో ఓపెన్ ఈవినింగ్‌కి వెళ్ళినప్పుడు ఆ పెద్ద హాలు, రంగుటద్దాల కిటికీలు, మధ్యలో గుంటలు పడేలా అరిగిపోయిన రాతి మెట్లు చూసి మా పిల్ల కదల్లేదు. కారెక్కేలోపు "అమ్మా, నేనిక్కడే చదువుతా" అని నాలుగుసార్లు అంది.

ఇబ్బంది ఏంటంటే దానికి ఎనిమిదో ఏట నుంచి కీళ్ళవాతం, పిల్లలకి వచ్చే రకం. మోకాళ్ళు, చీలమండలు. మందులు పనిచేస్తున్నాయి, బాగున్న రోజుల్లో అందరితో పాటే పరిగెడుతుంది, బాగాలేని రోజుల్లో మాత్రం మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతుంది. చలికి ఇంకా బిగుసుకుపోతాయి. ఈ స్కూల్ మూడంతస్తులు, లిఫ్ట్ లేదు, సైన్స్ ల్యాబులు పై అంతస్తులో ఉన్నాయి. ఆ రోజు అక్కడున్న ఒకావిడని అడిగితే "ఇది లిస్టెడ్ బిల్డింగ్ అండి, మేం ఏమీ మార్చలేం" అంది. చాలా మర్యాదగానే చెప్పింది, కానీ ఆ మాట నా మనసులోంచి పోవట్లేదు.

మావారు వద్దంటున్నారు. వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో స్కూల్ కొత్తగా కట్టింది, లిఫ్ట్ ఉంది, కానీ రెండు బస్సులు మారాలి, అదీ దాని కాళ్ళకి మంచిది కాదు. రెండు వారాల్లో కౌన్సిల్‌కి జవాబు చెప్పాలి. నిజంగానే లిస్టెడ్ అంటే ఏమీ మార్చకూడదా? చలికాలంలో లోపల ఎలా ఉంటుంది? ఇలాంటి స్కూల్లో చదివినవాళ్ళు, చదివించినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.


సున్నపుగచ్చు:

సన్నజాజి గారూ, ముందు ఒక మాట. "ఏమీ మార్చలేం" అన్నది నిజం కాదు. "అడక్కుండా ఏమీ మార్చలేం" అన్నది నిజం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. నేను పదకొండేళ్ళుగా పాత భవనాల రిపేర్లు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను, అందులో స్కూళ్ళు చాలానే ఉన్నాయి, ఈ మాట దాదాపు ప్రతి స్కూల్లోనూ ఎవరో ఒకరి నోట విన్నాను.

ఇంగ్లండ్‌లో దీనికి 1990 నాటి చట్టం ఉంది. లిస్టెడ్ భవనంలో దాని ప్రత్యేకత మీద ప్రభావం పడేలా ఏ మార్పు చెయ్యాలన్నా స్థానిక కౌన్సిల్ దగ్గర లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ అనే అనుమతి తీసుకోవాలి. దరఖాస్తుకి ఫీజు లేదు, మామూలుగా ఎనిమిది వారాల్లో తేల్చాలి. గ్రేడ్ వన్, టూ స్టార్ అయితే కౌన్సిల్ వాళ్ళు పాత కట్టడాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అభిప్రాయం కూడా అడుగుతారు. అనుమతి లేకుండా చేస్తే అది క్రిమినల్ నేరం, జైలు దాకా పోవచ్చు. స్టాఫ్‌కి భయం ఎక్కడినుంచి వస్తుందంటే ఇక్కడినుంచే, అందుకని ఆవిడని నేను తప్పుపట్టను. ఇంకోటి, బయటి గోడ ఒక్కటే లిస్టెడ్ అని చాలామంది అనుకుంటారు, కాదు, లోపలి మెట్లు, మెట్ల పక్క చేత్తో పట్టుకునే కమ్మీలు, గోడల చెక్క పలకలు అన్నీ దాని కిందకే వస్తాయి. క్లాసులో చెక్క పలకల మీద స్మార్ట్ బోర్డు బిగించాలన్నా ముందు ఆలోచించాల్సిందే.

కానీ దరఖాస్తుని ఎలా తూస్తారో చూడండి. ఈ మార్పు వల్ల భవనానికి ఎంత నష్టం, ప్రజలకి ఎంత మేలు అని తూస్తారు. నడవలేని పిల్ల పై అంతస్తుకి వెళ్ళగలగడం కంటే చెప్పుకోదగ్గ మేలు ఏముంటుంది? అసలు మెట్ల మధ్య ఖాళీలో లిఫ్ట్ పెడతామంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మేం చేసిన ఒక స్కూల్లో ప్రతి అంతస్తులోనూ ఒకే మూలన, ఒకదాని మీద ఒకటిగా చిన్న స్టోర్ రూములు ఉన్నాయి, ఒకప్పుడు బొగ్గు, బకెట్లు పెట్టుకునేవాళ్ళట. ఆ గదుల్లో గుర్తుపెట్టుకోదగ్గ పనితనం ఏమీ లేదు. వాటి నేలలు తీసి అందులోంచి లిఫ్ట్ తీసుకెళ్ళాం. బయటినుంచి చూస్తే భవనంలో మార్పే కనపడదు. కొన్నిచోట్ల వెనకవైపు తర్వాత కట్టిన భాగానికి ఆనించి పెడతారు.

అసలు అడ్డం డబ్బు. స్వచ్ఛంద సంస్థ నడిపే వాలంటరీ ఎయిడెడ్ స్కూల్ అయితే పెద్ద పనుల ఖర్చులో పది శాతం గవర్నర్లు, అంటే స్కూల్ పాలకమండలి వాళ్ళు, భరించాలి. చిన్న అకాడమీ, అంటే కౌన్సిల్ కింద లేని ప్రభుత్వ నిధుల స్కూల్ అయితే ఏటా వచ్చే ప్రభుత్వ నిధి కోసం మిగతా స్కూళ్ళతో పోటీపడాలి, అక్కడ కారే కప్పు, పాడైన బాయిలర్ ముందుంటాయి, లిఫ్ట్ వెనక్కి పోతుంది. దానికితోడు సమయం. స్కూళ్ళు కప్పు పనులన్నీ వేసవి సెలవుల్లో చెయ్యాలనుకుంటాయి, అటక మీద గబ్బిలాలు పిల్లల్ని పెట్టేదీ మే నుంచి ఆగస్టు దాకానే, వాటికీ చట్టం రక్షణ ఉంది కాబట్టి పని ఆగిపోతుంది. ఒక స్కూల్లో ఇలా ఏడాదిన్నర ఆగాం.

అందుకని మీరు గ్రేడ్ చూడకండి. ఆ స్కూల్ యాక్సెసిబిలిటీ ప్లాన్, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి వీలుగా స్కూల్‌ని ఎలా మారుస్తారో రాసిన ప్రణాళిక చూడండి. 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం ప్రతి స్కూల్‌కీ అది రాతపూర్వకంగా ఉండాలి, మూడేళ్ళకోసారి కొత్తది రాయాలి. లిస్టెడ్ అయినంత మాత్రాన దానినుంచి మినహాయింపు లేదు. అయితే ఒకటి దాచకుండా చెప్పాలి, మీ పాప ఒక్కదాని కోసం వెంటనే లిఫ్ట్ కట్టి తీరాలని స్కూల్‌ని చట్టం బలవంతపెట్టదు. భవనాన్ని మెల్లమెల్లగా మెరుగుపరిచే ప్రణాళిక ఉండాలి, దాన్ని అమలు చెయ్యాలి, అంతవరకే. ఆ ప్లాన్‌లో తేదీలు, బాధ్యుల హోదాలు, అయిపోయిన పనులు కనిపిస్తే వాళ్ళకి పట్టింపు ఉన్నట్టు. పాత ప్లాన్‌నే సంవత్సరం మార్చి పెట్టేస్తే మీకే తెలిసిపోతుంది.


లెక్కలటీచర్:

నేను ఇలాంటి భవనంలో ఆరేళ్ళు లెక్కలు చెప్పాను, అదీ అమ్మాయిల స్కూలే. చలి గురించి అడిగారు కాబట్టి ముందు అదే.

ఉంటుందండి. ఎత్తు కప్పులు, పైకీ కిందకీ జరిపే పాత సాష్ కిటికీలు, ఒంటి అద్దం. వేడంతా పైకి పోతుంది. రేడియేటర్లు పెద్దవి, వేడెక్కడానికి గంటలు పడుతుంది, ఒకసారి వేడెక్కాక తగ్గించడానికి వీలుండదు, అందుకే మొదటి పీరియడ్‌లో పిల్లలు కోట్లు విప్పరు, మధ్యాహ్నానికి కిటికీలు తెరవమంటారు. పని జరిగే గదుల్లో కనీసం 16 డిగ్రీలు ఉండాలని మార్గదర్శకాలు చెప్తాయి, మా ఉత్తరం వైపు గదుల్లో జనవరి సోమవారాల్లో అంతకంటే తక్కువే చూశాను. దక్షిణం వైపు గదులు హాయిగా ఉండేవి. ఒకే భవనంలో ఇంత తేడా ఉంటుంది కాబట్టి పాప ఫామ్ రూమ్, అంటే రోజూ పొద్దున హాజరు తీసుకునే గది, ఏ వైపు అని తప్పకుండా అడగండి.

ఇక మెట్లు. మా క్లాసులో ఒకమ్మాయికి ఒక టర్మ్ అంతా చేతికర్రలతో నడవాల్సి వచ్చింది. ఆ పిల్ల కోసం క్లాసు మొత్తాన్ని కింది అంతస్తుకి దించాం, పిల్లని పైకి ఎక్కించలేదు. ఇంగ్లిష్, లెక్కలు, హిస్టరీ, భాషలు ఏ గదిలోనైనా చెప్పొచ్చు. ఫిజిక్స్ కూడా కొంతవరకు నడుస్తుంది. కెమిస్ట్రీ కష్టం, ఎందుకంటే గ్యాస్ గొట్టాలు, నీళ్ళు, పొగ లాగే అలమరా అన్నీ ఆ ల్యాబులోనే ఉంటాయి, మోసుకురాలేం. కాబట్టి మీ పాపకి నిజంగా లెక్కపెట్టాల్సింది వారానికి ఎన్నిసార్లు ల్యాబుకి ఎక్కాలి అన్నది. ఇయర్ 7లో అది తక్కువే ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది. సైన్స్ డబుల్ పీరియడ్‌గా వేస్తే ఎక్కడం సగానికి తగ్గుతుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఆలస్యం చెయ్యకండి. టైంటేబుల్ మే, జూన్‌లో కూర్చుని కడతారు. సెప్టెంబర్‌లో వెళ్ళి అడిగితే పాపం వాళ్ళకి ఇష్టమున్నా చెయ్యలేరు, ఒక గది కదిపితే ఇరవై క్లాసులు కదలాలి. స్కూల్లో సెన్కో అని ఉంటారు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంగతి చూసేవాళ్ళు, సీటు ఒప్పుకున్న మర్నాడే వాళ్ళకి మెయిల్ పెట్టండి. రోజువారీ పనులు ఇబ్బంది లేకుండా చేసుకోవడానికి సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ హాస్పిటల్లో ఉంటారు, వాళ్ళ దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. దీర్ఘకాలిక జబ్బున్న పిల్లలకి ప్రభుత్వ స్కూల్ సాయం చెయ్యాలని 2014 చట్టంలో ఉంది, పాప పేరు మీద హెల్త్‌కేర్ ప్లాన్ రాయమనండి. అందులో ఇవి ఉండాలి: పుస్తకాలు రెండు సెట్లు, మోత లేకుండా. లాకర్ కింది అంతస్తులో. బెల్లుకి ఐదు నిమిషాల ముందు ఒక స్నేహితురాలితో బయల్దేరే పాస్. ఆ పాస్ అన్నిటికంటే అవసరం, వందలమంది పిల్లలు ఒకేసారి ఆ మెట్ల మీదకి వచ్చినప్పుడు మంచి కాళ్ళున్న నాకే భయమేసేది.


దక్షిణపుగాలి:

పై ఇద్దరూ మంచి మాటలు చెప్పారు, కానీ నేను రెండో వైపు కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

మా అమ్మాయికి ఇయర్ 8లో తుంటి ఆపరేషన్ అయ్యింది. భవనం మీరు చెప్పినట్టే ఉంటుంది, ఎంతో అందంగా. స్కూల్ పేరు రాయను. గదులు మార్చమని అడిగితే కుదరదన్నారు, ర్యాంప్ అడిగితే లిస్టెడ్ అన్నారు, ఏది అడిగినా అదే మాట. ఆరు వారాలు కింద లైబ్రరీలో కూర్చోబెట్టి వర్క్‌షీట్లు ఇచ్చారు. దాని క్లాసు పైన నడుస్తుంటే పిల్లల నవ్వులు కప్పులోంచి వినపడేవట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

తర్వాత నేను చేసిన పని ముందే చెయ్యాల్సింది. ఏ కౌన్సిల్ అయినా ప్లానింగ్ దరఖాస్తులన్నీ తన వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెడుతుంది. స్కూల్ అడ్రస్ కొట్టి చూశాను. ర్యాంప్ కోసం గానీ, లిఫ్ట్ కోసం గానీ ఒక్క దరఖాస్తు కూడా లేదు. కార్ పార్క్‌కి మాత్రం ఉంది. అంటే కౌన్సిల్ కాదన్నది ఏమీ లేదు, వీళ్ళు అడగనేలేదు. ఆ కాగితం ప్రింట్ తీసుకుని గవర్నర్ల దగ్గరికి వెళ్ళాకే కదలిక వచ్చింది, అప్పటికి మా పిల్ల నడవడం మొదలుపెట్టింది.

అక్కా, భవనం చూసి మురిసిపోకండి. ఆ వెబ్‌సైట్ ఈ రాత్రే చూడండి.


సున్నపుగచ్చు:

దక్షిణపుగాలి గారూ, మీ అమ్మాయికి జరిగింది చదివి చాలా బాధేసింది. మీరు చెప్పిన పద్ధతి సరైనది, నేనే ముందు చెప్పాల్సింది.

సన్నజాజి గారూ, దానితో పాటు హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్‌లో జాతీయ జాబితా ఉంది, అక్కడ ఆ భవనం గురించి రాసినదీ చదవండి. ఏ భాగం ఎందుకు గొప్పదో కొంతవరకు అందులో ఉంటుంది. హాలు, పెద్ద మెట్ల గురించి పేరాలు రాసి వెనక భాగాన్ని ఒక్క వాక్యంలో వదిలేస్తే, మార్పుకి చోటు అక్కడే ఉన్నట్టు. జాబితాలో ప్రస్తావన లేనంత మాత్రాన రక్షణ లేదని కాదు, అయినా మీకొక అంచనా వస్తుంది.

ఇంకొకటి అస్సలు మర్చిపోకండి: మంటలు వస్తే పాప పై అంతస్తులోంచి కిందకి ఎలా వస్తుంది? మామూలు లిఫ్ట్ ఉన్నా ఆ సమయంలో వాడకూడదు. పాప కోసం విడిగా రాసిన తరలింపు ప్లాన్ ఉండాలి, దాన్ని ప్రాక్టీస్ చేయించాలి. దీనికి జవాబు తడుముకుంటే నేనైతే చేర్చను.


పావురాలగూడు:

నేను చదువుకున్నది ఇలాంటి స్కూల్లోనే, ఏడేళ్ళు. ఇప్పుడు చరిత్ర చదువుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, మీకు పనికొచ్చే మాట కూడా అందులో ఉంది.

అమ్మాయిలకి సెకండరీ చదువు అన్నది ఇక్కడ కూడా ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. 1848లో హార్లీ స్ట్రీట్‌లో క్వీన్స్ కాలేజ్ మొదలైంది. అక్కడ చదువుకున్న ఫ్రాన్సెస్ మేరీ బస్ 1850లో నార్త్ లండన్ కాలేజియేట్ పెట్టింది. 1860లలో స్కూళ్ళ మీద వేసిన టాంటన్ కమిషన్ చూస్తే, పాతకాలం నుంచి ఉన్న ధర్మనిధులు దాదాపు అన్నీ అబ్బాయిల స్కూళ్ళకే పోతున్నాయని తేలింది. 1869లో చట్టం వచ్చాక ఆ డబ్బులో కొంత అమ్మాయిల వైపు మళ్ళింది. 1902 చట్టం తర్వాత కౌంటీ కౌన్సిళ్ళు సొంతంగా సెకండరీ స్కూళ్ళు నడిపే వీలు దొరికింది. ఇప్పుడు మనం లిస్టెడ్ అని చూస్తున్న అమ్మాయిల స్కూళ్ళలో చాలావరకు ఈ యాభై అరవై ఏళ్ళలో లేచినవే. మా హాల్లో చెక్క పలకల మీద బంగారు అక్షరాలతో యూనివర్సిటీకి వెళ్ళిన అమ్మాయిల పేర్లుండేవి, అసెంబ్లీ జరుగుతుంటే నేను అవే చదువుకుంటూ కూర్చునేదాన్ని. అదేదో అలంకారం అనిపించేది కాదు, నా పేరు కోసం ఖాళీ ఉంచినట్టు అనిపించేది.

ఇక పనికొచ్చే సంగతి. ఈ భవనాలన్నీ ఒక రకం కాదు. కొన్ని అమ్మాయిల స్కూల్ కోసమే కట్టినవి, వాల్తమ్‌స్టోలో చర్చ్ హిల్ మీద 1913లో కట్టినది అలాంటిదే. కొన్ని పెద్దింటివాళ్ళ భవంతులు, తర్వాత స్కూళ్ళయ్యాయి. గ్లాస్టర్‌షైర్‌లో వెస్టన్‌బర్ట్ హౌస్ అలా 1928లో అమ్మాయిల స్కూల్ అయ్యింది, అది గ్రేడ్ వన్. మూడో రకం వేరే పని కోసం కట్టినవి. హామర్‌స్మిత్‌లో సేక్రెడ్ హార్ట్ ఉన్న భవనం మతగురువులు చదువుకోవడానికి కట్టింది, వెస్ట్‌మిన్‌స్టర్ కథీడ్రల్ కట్టిన బెంట్లీయే దానికీ ఆర్కిటెక్ట్. అదీ మీ స్కూల్ లాగే గ్రేడ్ టూ స్టార్.

స్కూల్ కోసమే కట్టిన దాంట్లో వరండాలు వెడల్పు, క్లాసులు హాలు చుట్టూ ఉంటాయి, చాలావాటికి రెండో మెట్ల దారి కూడా ఉంటుంది. భవంతి అయితే అందమైన మెట్లు ఒకటే, మిగతావి పనివాళ్ళ కోసం కట్టిన ఇరుకు మెట్లు, గదికీ గదికీ మధ్య ఊహించని చోట రెండు మూడు మెట్లు. మంచి కాళ్ళకి అవి తెలియను కూడా తెలియవు, మీ పాపకి అవే పెద్ద ఇబ్బంది అవుతాయి. మీది ఏ రకమో చూసుకోండి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య మెట్లే కాకుండా, ఒకే అంతస్తులో దారిలో వచ్చే మెట్లు కూడా లెక్కపెట్టండి.


సన్నజాజి:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నాలుగు రోజులు కనపడలేదు, చేసిన పని చెప్తాను.

దక్షిణపుగాలి, నువ్వు చెప్పిన రాత్రే కౌన్సిల్ వెబ్‌సైట్ తెరిచాను. లిఫ్ట్‌కి దరఖాస్తు లేదు, గుండె జారిపోయింది. కానీ రెండేళ్ళ కిందటిది ఒకటి ఉంది, వెనక గుమ్మం దగ్గర ర్యాంప్, కింది అంతస్తులో వికలాంగులకి టాయిలెట్. అనుమతి వచ్చింది, పని కూడా అయిపోయింది. అంటే అడగడం తెలిసినవాళ్ళే.

సెన్కోకి మెయిల్ పెట్టాను, మర్నాడే రమ్మన్నారు. నేను, పాప వెళ్ళాం. స్కూల్ కోసమే కట్టిన భవనం, రెండు మెట్ల దారులున్నాయి, రెండోది తక్కువమంది వాడతారట, రెండు వైపులా కమ్మీ ఉంది. యాక్సెసిబిలిటీ ప్లాన్ తీసి ముందు పెట్టారు, అందులో లిఫ్ట్ "నిధులు దొరికితే" అని ఉంది, తేదీ లేదు. తేదీ ఎందుకు లేదని అడిగాను. మాకు అబద్ధం రాయడం ఇష్టం లేదు అన్నారావిడ. ఆ జవాబు నాకు నచ్చింది, కానీ లిఫ్ట్ మాత్రం లేదు, అది అలాగే ఉంది. లెక్కలటీచర్ గారూ, సైన్స్ డబుల్ పీరియడ్ గురించి అడిగితే ఆవిడ వెంటనే రాసుకున్నారు, ఫామ్ రూమ్ కింద దక్షిణం వైపు ఇస్తామన్నారు. మంటల సంగతి అడిగితే తడుముకోలేదు, దించే కుర్చీ ఎక్కడుందో తీసుకెళ్ళి చూపించారు, అందులో పాపని కూర్చోబెట్టి ఒక అంతస్తు దించారు కూడా.

మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆయన భయం నాకూ ఉంది, ఇయర్ 10కి కెమిస్ట్రీ పెరిగినప్పుడు ఏం చేస్తాం అని. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అయినా నిన్న రాత్రి సీటు ఒప్పుకున్నాం. వెయిటింగ్ లిస్టులో పేరు అలాగే ఉంచాం, ఒప్పుకున్నంత మాత్రాన అది పోదని కౌన్సిల్‌లో అడిగి రూఢి చేసుకున్నాను.

పావురాలగూడు, మీరు లెక్కపెట్టమన్నారని పాపకి చెప్పాను. పెన్సిల్ పట్టుకుని మొత్తం తిరిగింది. కిందినుంచి ల్యాబు దాకా 62, దారిలో అనుకోకుండా వచ్చేవి రెండు చోట్ల, మూడు, నాలుగు. ఆ రెండు చోట్లా కమ్మీ లేదు. సెన్కోకి ఆ కాగితం అదే స్వయంగా ఇచ్చింది. సున్నపుగచ్చు గారూ, ఆ ఏడు మెట్ల పక్కన కమ్మీ పెట్టాలన్నా కన్సెంట్ కావాలా? వాళ్ళు కౌన్సిల్‌ని అడుగుతామన్నారు, నేను సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తాను, ఏం అడగాలో కాస్త చెప్పండి.


సున్నపుగచ్చు:

మెట్ల పక్క గోడ ఎలాంటిదో చూడాలి. మామూలు గచ్చు గోడకి బిగించే సాదా కమ్మీ అయితే అవసరం లేదనే చెప్పొచ్చు, చెక్క పలకలకో, పాత టైల్స్‌కో బిగించాలంటే కావాల్సి రావచ్చు. ఆ నిర్ణయం కౌన్సిల్‌లో పాత భవనాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌ది. స్కూల్ వాళ్ళని ఆ ఆఫీసర్‌కి ఫోటోలు, కొలతలు పంపి రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి, ఫోన్‌లో మాట సరిపోదు. గోడకి కాకుండా నేలకి నిలబెట్టే కమ్మీ కూడా ఉంటుంది, రెండూ అడగమనండి. పాప గీసిన కాగితం కూడా పంపమనండి, ఆ ఆఫీసర్‌కి అదే ఎక్కువ పనికొస్తుంది.